ఒక్క ముడి

సూట్‌కేసు మూత పడటం లేదు. పుష్పరాణి ఏడుస్తూనే దాన్ని మోకాలితో అదిమింది. సాయంత్రం హౌరాలో రైలెక్కి సోంపేటలో పుట్టింటికి వెళ్లిపోవాలి...

టికియాపారాలోని ఈ అత్తింట్లో అడుగుపెట్టినప్పుడు ఎంత మురిసిపోయింది! మట్టి కప్పులో టీ, నది మీద ఫెర్రీలో చల్లటి గాలి, వీధిపిల్లలు "బౌది, బౌది" అంటూ, వదినా అని బెంగాలీలో పిలుస్తూ, కొత్త కోడలి వెంటపడటం... ఒకప్పుడు టీవీలో టెన్నిస్ ఆడిన మనిషి తన మొగుడంటే తనకే నవ్వొచ్చేది. కానీ పెళ్లిలో జానకిరామ్ ఒక్క ముడే వేశాడు. మిగతా రెండూ ఆడపడుచు సునీత వేసింది. "మనసులేని పెళ్లికొడుకు" అని పిన్ని గొణిగిన మాట పుష్పరాణితోపాటే రైలెక్కి ఇక్కడికొచ్చింది. రోజూ పొద్దున్నే అతను గదిలోంచి అమ్మనే పిలుస్తాడు. అత్తగారు లోపలికెళ్లి తలుపేస్తుంది. పెళ్లాం బయటే ఉండాలి.

"ఏటమ్మా ఇది? రేపు పదారురోజుల పండగ. తాడు మార్చాల కదా" అంది అత్తగారు అప్పాయమ్మ, సూట్‌కేసు చూసి.

"ఒక్క ముడికే విసుగొచ్చిన మనిషి చేత మళ్లీ కట్టించుకోనా అత్తయ్యా?"

అప్పాయమ్మ కోడలి చెయ్యి పట్టుకెళ్లి గది తలుపు తోసింది.

అద్దం ముందు జానకిరామ్ చొక్కా బొత్తాంతో తంటాలు పడుతున్నాడు. కుడిచేతి వేళ్లు జారిపోతున్నాయి. ఎప్పుడూ పొడుగు చేతుల చొక్కా కింద ఉండే మణికట్టు మీద పొడుగాటి కుట్ల మచ్చ.

"సెప్పొద్దన్నాను కదమ్మా" అన్నాడు ముఖం తిప్పుకుని.

"ఎలిపోతంటే ఏటి సెయ్యమంటావురా? ముడులెయ్యంది ఇష్టంనేక కాదమ్మా... నొప్పెడతన్నా సూదులేయించుకుని ఆడీవాడు. ఆపరేసనయ్యేక బేటు కాదు గదా, బొత్తామే పట్టలేకపోతన్నాడు."

"ఈ సెయ్యి ఆడిన ఆట చూసే మీ నాన్న పిల్లనిచ్చేరు" అన్నాడతను మెల్లగా. "క్లబ్బులో పిల్లలకి ఎడంచేత్తో బంతులేస్తన్నాను. ఎన్నాళ్లుంచుతారో... ఎల్లాలనుంటే ఎల్లు. స్టేషన్‌కి నేనే దింపుతాను."

పుష్పరాణి దగ్గరికెళ్లి బొత్తాలు పెట్టడం మొదలుపెట్టింది. కళ్లకు ఏమీ కనబడటం లేదు.

"అమ్మకొంగు వదలని మనిషనుకున్నాను" అంది.

అతను నవ్వబోయాడు. ఎడంచేత్తో ఆమె చెంప తుడిచాడు.

మర్నాడు పసుపుతాడు మార్చేటప్పుడు సునీత అలవాటుగా ముందుకొచ్చింది.

"వద్దొదినా. ఆయనే వేస్తారు."

చాలాసేపు పట్టింది. అతని నుదుటి చెమట ఆమె మెడ మీద పడింది. "ఇంతసేపేటి?" అని ఎవరో అన్నారు. అప్పాయమ్మ ఒక్క చూపు చూసేసరికి ఊరుకున్నారు. పుష్పరాణి తల వంచుకుని కదలకుండా కూర్చుంది...

సాయంత్రం అన్నం గిన్నె దించుతుండగా ముడి జారింది. పుష్పరాణి గబుక్కున గోడవైపు తిరిగి, పైట కప్పుకుని, తనే ముడులు గట్టిగా బిగించుకుంది.

ముందుగదిలో జానకిరామ్ సునీతతో అంటున్నాడు, "చూసేవా? మూడూ నేనే ఏసేను."