కుట్టుకి వదిలిన అంచు

దేవుణ్ణి మనం ఒకటి అడిగి, ఆయన ఇంకొకటి ఇస్తే, మన మాట విన్నట్టా, విననట్టా? పెళ్ళికి ముందు నుంచీ నాకీ సందేహం ఉంది. రోజూ పొద్దున్నే దణ్ణం పెట్టుకుంటాను గానీ, ఆయన్నే నిలదీసి అడిగే ధైర్యం ఇంతవరకూ రాలేదు.

ఆ రోజుల్లో నేను కోరింది చాలా చిన్న కోరిక. "స్వామీ, ఈ ట్యాంకు పూర్తయ్యేదాకా నా జోలికి ఎవరూ రాకుండా చూడు."

ఆయన గోడ అవతలి ఇంట్లోకి అన్నావదినలతో సహా ఒక దర్జీ అమ్మాయిని పంపాడు.

ట్యాంకు అంటే నాన్నగారి పాత మోటారుసైకిల్‌ది. నేను పంపులు తయారుచేసే చోట ఫిట్టర్‌ని. డ్యూటీ దిగాక ఇంటి వెనక షెడ్డులో ఆ బండికి ఒక్కొక్క భాగమే చేత్తో చేసుకుంటున్నాను. కాళ్ళు పెట్టుకునే రాడ్లు, మడ్‌గార్డు పట్టీలు, హెడ్‌లైటు చుట్టూ ఇత్తడి రింగు, అన్నీ నా చేతివే. పెట్రోలు ట్యాంకు మాత్రం తుప్పు పట్టి జల్లెడైపోయింది. ఆ మోడల్‌కి కొత్తది ఎక్కడా దొరకదు. రేకు కొట్టి చేద్దామని దిగాను. ఇంతలో అమ్మ గడువు పెట్టేసింది.

"వానలు మొదలయ్యేలోపు అది కదలకపోతే తుక్కువాడికి ఇచ్చేస్తా. బట్టలు ఆరేసుకోవడానికి నాకు షెడ్డు కావాలి."

నాన్నగారు పేపరు చాటునుంచి తల ఎత్తలేదు. బండి మాట వస్తే ఆయన ఎప్పుడూ అంతే.

ఒకరోజు ఇసుక సంచి మీద రేకు పెట్టి కొడుతుంటే, గోడ మీదుగా ఒక తల లేచింది. మెడలో కొలత టేపు, పెదవుల మధ్య రెండు గుండుసూదులు. సూదులు తీసి చేత్తో పట్టుకుని మరీ మొదలుపెట్టింది.

"ఏవండీ సుత్తిగారూ, మీ ఒక్కో దెబ్బకి నా కుట్టు ఒక్కో వంకర పోతోంది. పెళ్ళికూతురి గౌనండీ అది. వంకర గౌనుతో పెళ్ళి చేసుకోమంటారా ఆ పిల్లని?"

"నాకు గడువుందండీ."

"నాకు లేదేమిటి? ఇంతకీ ఏమిటది, కుండా?"

"ట్యాంకు."

"ఎవరికీ, ఏనుక్కా?"

ఒళ్ళు మండింది. తిరిగి ఏమైనా అందామంటే, రేకు నిజంగానే ఏనుగు వీపులా ఉంది.

మర్నాడు ఆమే గేటు తీసుకుని వచ్చింది. చంకలో పాత న్యూస్‌పేపర్లు, చేతిలో కత్తెర.

"గుండ్రటి ఒంటికి ఒకే గుడ్డ చుడితే ముడతలు పడవూ? రేకైనా అంతే కదా. చొక్కా భుజం ఎన్ని ముక్కలుంటుందో ఎప్పుడైనా చూశారా?"

"చొక్కా తొడుక్కుంటాను గానీ చూడనండీ."

"అది మీ చొక్కా చూస్తేనే తెలుస్తోంది."

పాత ట్యాంకుకి కాగితాలు చుట్టి, సుద్దతో గీతలు గీసి, ముక్కలుగా కత్తిరించి ఇచ్చింది. అప్పటినుంచి మా పనికి ఒక వరస కుదిరింది. నేను సుత్తి పడితే ఆమె గుడ్డ కత్తిరించుకునేది. ఆమె మిషను తొక్కితే నేను ఆకురాయి పట్టేవాణ్ణి. మధ్యమధ్య గోడ మీదుగా నా పనికి మార్కులు వేసేది. ఎప్పుడూ పాసు మార్కులు రాలేదు.

ముక్కలన్నీ కలిపి వెల్డింగు చేసి బండి మీద పెట్టిన రోజు ఆమెనీ పిలిచాను. ట్యాంకు కూర్చోలేదు. ముందు హ్యాండిల్‌కి తగిలింది, వెనక సీటు మీదికెక్కింది.

"కొలత తప్పిందండీ," అన్నాను.

"నా కొలతా?"

"మీరిచ్చిన కాగితం ప్రకారమే కోశాను మరి."

"వచ్చి ఎన్నాళ్ళో కాలేదు, అప్పుడే ఈ వీధిలో సగంమంది నేను కుట్టిన బట్టల్లోనే తిరుగుతున్నారు. కొలత తప్పిందని ఒక్కరన్నారా? మీకు చెయ్యడం రాలేదని చెప్పండి."

"మనుషులు సర్దుకుపోతారండీ. ఇనుము సర్దుకోదు."

ఆమె చేతిలో సుద్దముక్క స్టూలు మీద పెట్టి వెళ్ళిపోయింది.

నేను సుత్తి మేకుకి తగిలించేశాను. ఆకాశం నల్లబడుతోంది. ట్యాంకు పోతుందన్న దిగులు కొంతే. గోడ మీద తల లేకపోవడమే పెద్ద దిగులైంది.

నాలుగు రోజుల తర్వాత అమ్మ తాడు పట్టుకుని షెడ్డులోకి వచ్చింది, ఎక్కడ కట్టాలో చూసుకోవడానికి. నేను కాగితం ముక్కని పాత ట్యాంకు మీద పెట్టి చూస్తున్నాను. ముక్క పెద్దదే. అయితే ఒకవైపు కాదు, చుట్టూ ఒకేలా అరంగుళం ఎక్కువ. తప్పు ఇంత చక్కగా జరగదే అనుకుంటున్నాను.

అమ్మ ఒక్క చూపు చూసింది. "కుట్టుకి వదిలిందిరా."

"అంటే?"

"గుడ్డకి అంచు లోపలికి పోతుంది కదా, అందుకని. ఇనుముకి అక్కర్లేదని నువ్వు చెప్పావా?"

చెప్పలేదు. మేము రేకుని అంచుకి అంచు ఆనించి అతికేస్తాం. ఆ సంగతి అందరికీ తెలుసనుకున్నాను.

"అమ్మా, అసలు ఈ బండి మీద నీకెందుకింత కోపం?"

"బండి ఏం చేసింది పాపం. పెళ్ళైన కొత్తలో మీ నాన్న వంతెన దాకా షికారు అన్నారు. సగం దారిలో ఆగిపోయింది, తోసుకుంటూ వచ్చాం. మళ్ళీ తీసుకెళ్తానన్నారు. ఇప్పటికీ తీసుకెళ్తూనే ఉన్నారు."

నేను చేతులైనా కడుక్కోకుండా గోడ చుట్టూ తిరిగి వెళ్ళాను. ఆమె మిషను ముందు ఊరికే కూర్చుని ఉంది.

"మీ కొలత తప్పు కాదండీ."

"తెలుసు."

"కుట్టుకి వదిలారు."

"అదీ తెలుసు. ఇంటికొచ్చి టేపు తీస్తూనే తెలిసింది."

"మరి చెప్పలేదేం?"

"చెబుదామనే గోడ దగ్గరికి వచ్చాను. చప్పుడే లేదు. బండి తుక్కుకి వెళ్ళిపోయిందనుకున్నా." దారం కొస వేలికి చుట్టుకుంది. "ఆ చప్పుడు లేకపోతే నాకు కుట్టు సాగడం లేదు. గౌను ఇంకా అలాగే ఉంది."

గౌను పక్కకి జరిపి నా వైపు తిరిగింది.

"అంత తేడా మీ కంటికెలా కనబడలేదండీ, ఫిట్టరయ్యుండి?"

"మీరు వంగి కత్తిరిస్తుంటే నేను కాగితం చూళ్ళేదు."

"మరేం చూశారు?"

బయట చినుకులు మొదలయ్యాయి. నాకు గడువు గుర్తొచ్చింది. ఆమె కత్తెర పట్టుకుని లేచింది.

"పదండి, విప్పేద్దాం."

"వెల్డింగు విప్పడమేమిటండీ?"

"విప్పి కుట్టని దర్జీ ఉంటుందా ఎక్కడైనా?"

షెడ్డు గుమ్మంలో అమ్మ తడిబట్టల బుట్టతో నిలబడి ఉంది. మమ్మల్నిద్దర్నీ చూసింది, బండిని చూసింది. "ఇవాళ్టికి ఇంట్లో ఆరేసుకుంటాలే," అని వెనక్కి తిరిగింది.

ఆ వానంతా మేము ట్యాంకు విప్పాం. అతుకుల వెంట కోసి, ఆమె సుద్ద గీసినంత మేరా అరంగుళం తీసేసి, మళ్ళీ సుత్తితో సరిచేసి అతికాను. నీళ్ళు పోసి చూస్తే చుక్క కారలేదు. అతుకులు నున్నగా చేద్దామని ఆకురాయి తీస్తే చెయ్యి పట్టుకుంది.

"వద్దండీ. కుట్టు కనబడనివ్వండి. మనం కుట్టామని తెలియాలి."

మనం అంది. నేను ఆకురాయి కింద పెట్టేశాను.

బండి స్టార్టయిన సాయంత్రం జల్లు పడుతోంది. మొదటి షికారు ఆమెకే ఇద్దామని సీటు తుడుస్తుంటే, నాన్నగారు హెల్మెట్ పెట్టుకుని వచ్చారు. వెనకే అమ్మ, చేతులు తుడుచుకుంటూ.

"జరగరా. పాత బాకీ ముందు," అన్నారాయన.

"వెళ్ళి రండి పిన్నిగారూ," అంది దర్జీ అమ్మాయి.

అమ్మ వెనక సీటు మీద సర్దుకుని కూర్చుంది. "ఇంకా పిన్నిగారేమిటి? రేపు మీ అన్నావదినలతో మాట్లాడతా. ఈలోపు పిలుపు మార్చుకుని అలవాటు చేసుకో."

బండి మలుపు తిరిగింది. షెడ్డు కింద మేమిద్దరం, రేకుల మీద వాన.

"అడగాల్సింది నేను కదండీ," అన్నాను.

"అడగండి మరి."

"వద్దంటే?"

"వద్దనేదాన్నయితే ఆ పొగంతా పీల్చుకుంటూ పక్కన కూర్చుంటానా?"

అడిగాను. ఏమందో ఇక్కడ రాయను, ఇది చదివితే ఆవిడ ఊరుకోదు.

చీకటి పడే వేళకి బండి తిరిగొచ్చింది, ఎక్కడా ఆగకుండా. ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. అమ్మ దిగింది గానీ నాన్నగారి భుజం మీద చెయ్యి తియ్యలేదు.

"వంతెన ఎలా ఉందమ్మా?"

"ఇంతకాలం ఎదురుచూసేంత గొప్పగా ఏం లేదురా," అంది. తర్వాత ఆయన వైపు తిరిగి, "అయినా బాకీ చెల్లిపోయిందిలెండి," అంది.