వుయోకాజీ నడిపిన బస్సు

చంపింది మీరే. చలి మీదికి తొయ్యకండి. భూమికి ఈ దక్షిణపు కొసన జూలై అంటే నడి చలికాలం. మా కొండల్లోకి చలి ఏటా వస్తుంది, చెప్పే వస్తుంది. పరుగెత్తుతున్న మనుషుల్ని కనుమ మీద ఆపి, మంచువానలో నిలబెట్టి, మరిచిపోయింది మీరు. గుడారంలో హీటరు పక్కన సూపు తాగుతూ కూర్చున్న పోటీ కమిటీ పెద్దలు. మీకామె ఒక నంబరు. నాకెవరో చెబుతాను, వినండి.

నా పేరు లుబబాలో. టైర్ల షాపులో పని. మ్లంబో హారియర్స్ అనే పరుగుల క్లబ్బులో చేరిన మొదటి ఆదివారం అందరికంటే ముందు ఉరికి, మలుపు దగ్గర ఆగి వెనక్కి చూశాను. ఓ గుంపు పాడుకుంటూ తీరిగ్గా వస్తోంది. ముందు ఒక అమ్మాయి, చేతిలో కర్ర, కర్రకి పసుపు గుడ్డ.

"ఏంటిది, పెళ్ళి ఊరేగింపా?" అన్నాను.

"బస్సు. నేను డ్రైవర్ని. గడువులోపల అందర్నీ చేరుస్తాను. నువ్వెవరు, మందలోంచి తప్పిపోయిన మేకవా?"

"నేనొక్కణ్ణే మీకంటే ముందు చేరతాను."

"చేరి ఏం చేస్తావు? నీకు చప్పట్లు కొట్టాల్సిన వాళ్ళంతా నా బస్సులోనే ఉన్నారు."

గుంపంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది మాజోలా పెద్దమ్మ. మోకాలు నొప్పితో కుంటుతూ కూడా ఏ పోటీ వదలని మనిషి.

ఆ అమ్మాయి వుయోకాజీ. టాక్సీ స్టాండులో పిండి బూరెలు వేయించి అమ్మేది. మరుసటి ఆదివారం నేను బస్సెక్కాను. కరెంటు స్తంభాలు లెక్క చూసుకుని కొంత పరుగు, కొంత నడక. అంతా ఆమె చెప్పినట్టే. పాట మాత్రం ఆగకూడదు.

"లుబా, నువ్వు పాడకు. దారి పక్కన ఆవులకి పాలు ఎండిపోతాయి."

"పాడకపోతే బస్సులోంచి దింపేస్తానన్నావుగా?"

"అయితే పెదాలు ఆడించు చాలు."

వాన పడిన రోజుల్లో ఆమె కనురెప్పల మీద నీళ్ళు నిలిచేవి. తుడుచుకోవడానికి కర్ర నాకిచ్చేది. ఆ కాస్తసేపు కర్ర పట్టుకోవడం కోసం నేను వారమంతా వాన కోసం చూసేవాణ్ణి. పెద్దమ్మ కనిపెట్టింది. "మబ్బుల వైపు అలా చూడకు నాయనా, నీ మెడ పట్టేస్తుంది" అనేది.

బిట్టర్నెక్ కనుమ పోటీకి ముందు అడిగేశాను. "మా చిన్నాన్నల్ని మీ గేటు దగ్గరికి పంపనా?"

మా దగ్గర పిల్లనడగడం అలాగే. పెద్దలు గేటు బయట నిలబడి తమ వంశం పేరు చెప్పి పిలుస్తారు. లోపలివాళ్ళు వెంటనే పలకరు. కాళ్ళు లాగేదాకా నిలబెట్టి, అప్పుడు తీస్తారు.

"పోటీ చివరిదాకా నా బస్సులో ఉండు. మధ్యలో దిగి ముందుకు ఉరికావో, మీ చిన్నాన్నలు మా గేటు బయటే ముసలాళ్ళైపోతారు."

"ఉంటే?"

"ఆ వచ్చే శనివారం పంపు. మా నాన్నకి చెప్పి ఉంచుతాను. కొంచెం తక్కువ సేపే నిలబెట్టమంటాను."

పోటీ రోజు తెల్లవారింది గానీ వెలుతురు రాలేదు. మంచు, వాన కలిసి అడ్డంగా కొడుతున్నాయి. రద్దు చెయ్యమని మా క్లబ్బు కార్యదర్శి అడిగాడు. ఖర్చు పెట్టినవాళ్ళు బ్యానర్లు కట్టేశారు, కుదరదు అన్నారు మీరు. మేం ప్లాస్టిక్ సంచులకి తల దూరేంత కన్నం కోసి తొడుక్కుని బయలుదేరాం.

ఎత్తు ఎక్కుతుంటే వేళ్ళు మాట వినడం మానేశాయి. పాట మాత్రం సాగింది. కనుమ దగ్గరపడుతుండగా పెద్దమ్మ మోకాలు మొరాయించింది. వుయోకాజీ పసుపు జెండా నా చేతికిచ్చింది.

"ముందు నువ్వు పట్టుకో. నేను వెనక్కెళ్ళి తోసుకొస్తాను. జెండా ఆగితే బస్సు ఆగుతుంది, ఆపకు. ఇవాళ గొంతెత్తి పాడు. ఆవులు లేవు."

కనుమ మీద గడువు. టైములోపు దాటనివాళ్ళని అక్కడే ఆపేస్తారు. టైము అయిందని గాల్లోకి పేల్చడానికి తుపాకి పట్టుకున్నవాడు మాకు వీపు తిప్పి నిలబడతాడు. ఒక్క అడుగు వెనకబడినవాడి ముఖం చూస్తే చెయ్యి ఆగిపోతుందని అదో ఆచారం. మేం ముందువాళ్ళం దాటాం. తుపాకి పేలింది. తాడు అడ్డంగా లాగేశారు. తాడుకి అవతల ఆమె, పెద్దమ్మ, ఇంకో ముగ్గురు.

నేను వెనక్కి పరుగెత్తాను.

"ఎక్కడికి? పో," అంది.

"దిగనని నీకు మాటిచ్చాను."

"దిగడం లేదు, నడుపుతున్నావు. వాళ్ళని చేర్చు, లుబా. డ్రైవర్ చెబుతోంది."

ఆమె పళ్ళు కొట్టుకుంటున్నాయి. అయినా నవ్వింది. నేను వెళ్ళాను. గొంతు పోయేదాకా పాడాను. ఒక్కరూ జారిపోకుండా చేర్చాను.

అక్కడ జరిగింది తరవాత పెద్దమ్మ చెప్పింది. ఛాతీల మీది నంబర్లు పీకేసి, "వ్యాను వస్తుంది, ఇక్కడే ఉండండి" అని మీ మనిషి తన బండిలో కొండ దిగిపోయాడు. వ్యాను మీ అతిథుల్ని హోటలుకి దింపే పనిలో ఉంది. పరుగెత్తే ఒంటికి వేడి ఉంటుంది. తడిసి ఆగిన ఒంటికి ఉండదు. ఇది మా క్లబ్బులో నిన్న చేరినవాడికీ తెలుసు. ఎప్పటికో ఒక రైతు కారు వచ్చింది. నలుగురికే చోటు.

"నువ్వెక్కమ్మా, చిన్నదానివి" అని పెద్దమ్మ ఏడ్చిందట.

"డ్రైవర్ చివర దిగుతుంది పెద్దమ్మా. నీకా మాత్రం తెలీదా?" అని తన జాకెట్ విప్పి ఆమెకి తొడిగి తలుపు వేసిందట.

ఆ జాకెట్ పెద్దమ్మ ఒంటి మీద చూసినప్పుడు నేను చివరి గీత దగ్గర జెండా పట్టుకుని ఉన్నాను.

"ఆమేది?"

"వస్తోంది నాయనా. రైతు మళ్ళీ వెళ్ళాడు."

గడువు బోర్డుకి ఆనుకుని కూర్చుని ఉందట. పిలిస్తే పలకలేదు.

శనివారం వచ్చింది. ఇంక వెళ్ళక్కర్లేదన్నాను. "చెప్పిన రోజు ఇదే కదరా" అని చిన్నాన్న కోటు తొడుక్కున్నాడు. దుఃఖంలో ఉన్న ఇంటి గేటు బయట నిలబడి మా వంశం పేరు చెప్పి పిలిచారు.

ఆమె నాన్న వెంటనే వచ్చాడు.

"ఎవరి కోసం వచ్చారు?"

"వుయోకాజీ కోసం."

ఆయన గేటు కమ్మి పట్టుకున్నాడు. "మిమ్మల్ని సరదాగా కాసేపు నిలబెడదామనుకున్నాను. తక్కువ సేపే నాన్నా అంది." గేటు పూర్తిగా తెరిచాడు. "రండి. వియ్యంకులకని వేసిన కుర్చీలున్నాయి, అక్కడ కూర్చోండి."

చివర నేను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"గేటు వేసి రా, అల్లుడూ. చలిగా ఉంది."

మళ్ళీ జూలైకి మీ పోస్టర్లు అంటించారు. అదే కనుమ, అదే గడువు. మా జిల్లా క్లబ్బులన్నిటి తరఫునా చెబుతున్నాను. కనుమ మీద కంబళ్ళతో వ్యాను వచ్చి నిలబడందే తాడు లాగొద్దు. ఆపిన ప్రతి మనిషీ అందులో ఎక్కేదాకా మీలో ఒక్కడు కూడా కొండ దిగొద్దు. మంచువాన పడితే పోటీ లేదు. కాదంటే ఒక్క క్లబ్బు బనీను మీ రోడ్డు మీద కనబడదు.

ఇంకొకటి. తుపాకి పట్టుకున్నవాడు ఇకనుంచి మా వైపు తిరిగి నిలబడాలి. మా ముఖాలు చూసి పేల్చాలి.