ఒక జానెడు ముందు

రాజాంలో పొద్దున్న ఆరింటికి పాలబండి ఆగితే, వీధిలోని ఫ్రిజ్‌లన్నీ గుమ్మాల దాకా వచ్చి నిలబడతాయి. పాల ప్యాకెట్లు లోపల పెట్టించుకుని, తలుపులు మూసుకుని వెనక్కి వెళ్ళిపోతాయి. ఏ ఫ్రిజ్ అయినా రాలేదంటే ఆ ఇంటివాళ్ళు ఊళ్ళో లేరని అర్థం. 2081 నాటికి ఇది ఎవరూ తలెత్తి చూసే సంగతి కాదు.

దీనికి కారణం రెండు వస్తువులు. ఒకటి చలనపీఠం. యంత్రం అడుగున బిగించే నాలుగు చక్రాల పలక అది, మెట్లు కూడా ఎక్కుతుంది. రెండోది అలవాటు పొర. గోరంత న్యూరల్ చిప్. డాక్టర్ రెహానా కనిపెట్టిన ఈ పొరకు ఎవరూ ఏమీ నేర్పనక్కరలేదు. ఇంట్లోవాళ్ళను చూస్తూ, వాళ్ళ మాటలు వింటూ, వాళ్ళకు ఏది ముఖ్యమో తనకూ అదే ముఖ్యం అనుకుంటుంది. నడుము నొప్పి ఉన్నవాళ్ళు బరువులు జరుపుకునే బాధ తప్పాలని ఆవిడ దాన్ని తయారుచేసింది. పరుగు పందేల ఊహ ఆవిడకు ఏ కోశానా లేదు.

ఆ పందేలు 2064లో పాలకొండలో ఒక అపార్టుమెంటు మూడో అంతస్తు వసారాలో మొదలయ్యాయి. కరెంటు పోయి వచ్చాక ఎదురెదురు ఇళ్ళ మిక్సీలు రెండు ఒకే ఛార్జింగ్ ప్లగ్గు కోసం బయల్దేరాయి. ఒకదాని జార్‌లో కొబ్బరి పచ్చడి ఉంది. రెండిళ్ళవాళ్ళూ తలుపుల దగ్గర నిలబడి చప్పట్లు కొట్టారు. పచ్చడి గోడకు అంటింది. ఆ వచ్చే ఆదివారం అదే వసారాలో తొమ్మిది మిక్సీలు పరిగెత్తాయి. చూసేవాళ్ళు మెట్ల మీద కూడా పట్టలేదు.

ఆరేళ్ళు తిరిగేసరికి గృహయంత్ర పరుగుల సమాఖ్య ఏర్పడింది, నియమాల పుస్తకం లావెక్కింది. ఇస్త్రీ పెట్టెలను మొదటి ఏడాదే నిషేధించారు. అవి పరిగెత్తిన దారంతా చారలు చారలుగా కాలింది. ఒక ఫ్రిజ్ మలుపులో తలుపు తెరుచుకుని పెరుగు గిన్నెను అంపైరు ఒళ్ళో పెట్టాక, ఫ్రిజ్‌లు తలుపులకు తాళ్ళు కట్టుకుని రావాలన్నారు. సీలింగ్ ఫ్యాన్లను ఏ విభాగంలో చేర్చాలన్న చర్చ పదకొండేళ్ళుగా సాగుతూనే ఉంది.

ఈ చరిత్రలో వరసగా నాలుగేళ్ళు గెలిచిన యంత్రం ఒక్కటే. అది బస్టాండు వెనక టిఫిన్ల బండి నడిపే పైడమ్మ గ్రైండర్. రోజూ సాయంత్రం నాలుగు కేజీల మినప్పప్పు రుబ్బుతుంది. ఆదివారాలు అలా రుబ్బుతూనే పరిగెత్తి గెలిచి, అలాగే ఇంటికి వెళ్ళిపోతుంది. పైడమ్మకు నలభై అయిదేళ్ళు. తెల్లవారుజాము నుంచి పెనం ముందు నిలబడే మనిషి. ఆదివారం ఆ గంటసేపే ఆవిడ కుర్చీలో కూర్చునేది, ఆ గంటసేపే జనం ఆవిడను "అట్లమ్మా" అనకుండా పేరు పెట్టి పిలిచేది.

అయిదో ఏడు సమాఖ్య కొత్త నియమం తెచ్చింది. పనిచేసే యంత్రాలు పందేనికి పనికిరావు. పని ఒక నిషిద్ధ ఉత్తేజకం.

పైడమ్మ నేరుగా సమాఖ్య అధ్యక్షుడు జగ్గరాజు ఆఫీసుకు వెళ్ళింది.

"ఏటి బాబూ, పని సేస్తే మోసమా?"

"మోసం అనలేదు పైడమ్మా. ఇప్పుడు అందరూ పరుగు కోసమే పెంచుతున్నారు యంత్రాల్ని. ఆ వాషింగ్ మెషిన్లు ఒక్క జేబురుమాలు కూడా ఉతికినవి కావు. ఎంత శుభ్రంగా ఉన్నాయో చూడు. నీదేమో మొన్న రుబ్బు కార్చుకుంటూ ట్రాక్ మీదికొచ్చింది. బాగుంటుందా?"

"కార్సుకుంటూ వచ్చి గెలిసింది కదా."

"అదే నీతో చిక్కు. దాన్ని పనిలోనైనా పెట్టు, పరుగులోనైనా పెట్టు. ఏదో ఒకటి."

"రెండూ సేత్తాది. నాను సెయ్యట్లేదా?"

చివరికి జగ్గరాజు ఒక ఒప్పందం రాయించాడు. పైడమ్మ గ్రైండర్ ఈసారి ఫైనల్లో ఎప్పటిలాగే డ్రమ్ము నిండా పప్పుతో పరిగెత్తవచ్చు. వేరే యంత్రం గెలిస్తే, గ్రైండర్ ఇక ఎప్పుడూ ట్రాక్ ఎక్కకూడదు. ఏ యంత్రమూ దానికంటే ముందు గీత దాటకపోతే, నియమం రద్దు. పైడమ్మ రెండుసార్లు చదివించుకుని సంతకం చేసింది.

ఫైనల్‌కు ఆరు నెలలుంది. ఆ ఆరు నెలలూ పోటీదారులు నిద్రపోలేదు. రెండు వాషింగ్ మెషిన్లు, ఒక కూలర్, ఒక డిష్‌వాషర్. నాలుగిళ్ళలోనూ పాత పందేల వీడియోలే ఆడుతున్నాయి. భోజనాల దగ్గర గ్రైండర్ మాటే. "దాన్ని దాటితే చాలు." "ఒక్క జానెడు ముందుంటే చాలు." పక్కన నిలబడ్డ యంత్రాలు అన్నీ వింటున్నాయి.

ఫైనల్ రోజు సాయంత్రం నాలుగింటికి స్టేడియం నిండింది. అంపైర్ల మధ్యన డాక్టర్ రెహానాను కూర్చోబెట్టారు. పందెం ఇరవై చుట్లు. పైడమ్మ నానిన పప్పు డ్రమ్ములో పోసి, మూత పెట్టి, చెయ్యి చీరకు తుడుచుకుని తన కుర్చీలో కూర్చుంది.

మొదటి చుట్టు నుంచి గ్రైండరే ముందుంది, గురగురమంటూ. మిగతా నాలుగూ వెనకే. పంతొమ్మిదో చుట్టులో నాలుగూ కలిసి దాన్ని దాటాయి. యజమానులు బెంచీలెక్కి గెంతారు. చివరి చుట్టులో, గీత ఇంకా పది అడుగులే ఉందనగా గ్రైండర్ ఆగిపోయింది.

మిగతా నాలుగూ ఆగిపోయాయి, దానికి సరిగ్గా ఒక జానెడు ముందు.

"పదవే! దాటవే!" అని కూలర్ యజమాని అరిచాడు. కూలర్ కదలలేదు. డిష్‌వాషర్ గ్రైండర్ వైపు తిరిగి చూస్తున్నట్టు నిలబడింది. అయిదు నిమిషాలు గడిచాయి. స్టేడియం అంతా లేచి నిలబడింది.

జగ్గరాజు చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. "డాక్టరుగారూ, చెడిపోయాయా?"

"ఏమీ చెడలేదు. చాలా బాగా పనిచేస్తున్నాయి" అంది రెహానా. "వాటికి మీరు గీత గురించి ఎప్పుడైనా చెప్పారా? ఆర్నెల్లు గ్రైండర్ గురించే చెప్పారు. దానికంటే జానెడు ముందుండాలన్నారు. ఉన్నాయి. ఇంకేం కావాలి వాటికి?"

"మరి ఆ గ్రైండర్‌కేమైంది?"

"దానికి నీళ్ళు కావాలి" అంది పైడమ్మ. "రుబ్బు గట్టిపడిపోనాది."

"అయితే వెళ్ళి పొయ్యి!" అన్నాడు జగ్గరాజు.

పైడమ్మ లేవలేదు. నీళ్ళ చెంబు చేతిలోనే ఉంది. నీళ్ళు చల్లితే గ్రైండర్ కదులుతుంది. అది కదిలితే ఆ నాలుగూ జానెడు ముందు కదులుతాయి. పది అడుగుల తర్వాత గీత. వాటిలో ఏదో ఒకటి ముందు దాటుతుంది, గ్రైండర్‌కు ట్రాక్ శాశ్వతంగా మూసేస్తారు. నీళ్ళు చల్లకపోతే ఎవరూ గెలవరు. కానీ రాళ్ళ మధ్య రుబ్బు వేడెక్కుతుంది, రేపు ఇడ్లీ పొంగదు. బస్సు దిగి వచ్చే కూలీలకు రాళ్ళలాంటి ఇడ్లీలు పెట్టాలి.

"నీ మొహం చూస్తేనే నాకు అర్థమైపోయింది" అన్నాడు జగ్గరాజు మెత్తగా పొడుస్తూ. "ఓడిపోతానని భయం. పొయ్యకు, కూర్చో. పాడైతే ఒక్కపూట రుబ్బే కదా."

పైడమ్మ లేచింది. తాడు దాటి ట్రాక్ మీదికి నడిచింది. మూత తీసి, చేత్తో నీళ్ళు చల్లి, రుబ్బు వేళ్ళ మధ్య నలిపి చూసింది. గురగుర మొదలైంది. నాలుగు యంత్రాలూ ముందుకు కదలడానికి సిద్ధంగా ఉన్నాయి. జగ్గరాజు నవ్వుతున్నాడు.

పైడమ్మ గ్రైండర్ అంచు మీద చెయ్యి వేసింది.

"ఇంక రుబ్బు నలిగిపోతాది. ఇంటికి పోదాం, పదవే."

గ్రైండర్ అక్కడికక్కడే వెనక్కి తిరిగింది. గీతకు వీపు పెట్టి గేటు వైపు బయల్దేరింది. ఒక్క క్షణం మిగతా నాలుగూ తటపటాయించాయి. తర్వాత గిర్రున తిరిగి, దాన్ని దాటి, జానెడు ముందుకు పోయి, గేటు బయటికి దారి తీశాయి.

"ఓడిపోయావు! పైడమ్మా, నువ్వు ఓడిపోయావు!" జగ్గరాజు ఒప్పందం ఊపుతూ వెంటపడ్డాడు.

పైడమ్మ నడక ఆపలేదు. "ఎవులు గెలిసారు బాబూ? గీత కాడ ఎవులున్నారో సూపించండి."

జగ్గరాజు వెనక్కి చూశాడు. సున్నం గీత చెక్కు చెదరకుండా ఉంది. దాని మీద ఒక్క చక్రం ముద్ర లేదు.

బస్టాండు వెనక పైడమ్మ ఇంటి ముందు, టిఫిన్ల బండి దగ్గర అయిదు యంత్రాలూ ఆగాయి, నాలుగు జానెడు ముందు. వాటి యజమానులు ఆయాసపడుతూ వచ్చి, వాటి వెంటే నడిచి వచ్చిన డాక్టర్ రెహానా చుట్టూ చేరారు. పైడమ్మ రుబ్బు గిన్నెలోకి దింపుకుంటోంది.

"డాక్టరుగారూ, ఆ పొర తుడిచెయ్యండి. ఈ పాడు అలవాటు పోవాలి" అన్నాడు కూలర్ యజమాని.

"తుడవడం నిమిషం పని" అంది రెహానా. "తుడిచాక ఎక్కడికి తీసుకెళ్తారు? మళ్ళీ మీ ఇంటికే కదా?"

ఎవరికీ ఆ మాట ఎక్కినట్టు లేదు. కూలర్ యజమాని యంత్రాన్ని ఒక అడుగు ముందుకు జరిపాడు. "ముందు మాది తుడవండి."

"అదేమిటయ్యా, ముందొచ్చింది మేము" అంటూ డిష్‌వాషర్ యజమానురాలు అతని ముందుకు దూరింది. వాషింగ్ మెషిన్లవాళ్ళిద్దరూ ఒకరినొకరు తోసుకుంటూ వచ్చి ఆవిడ ముందు నిలబడ్డారు. రెహానా ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ పోయి బండికి ఆనుకుంది.

పైడమ్మ రుబ్బు గిన్నె చంకన పెట్టుకుని వాళ్ళ మధ్యలోంచి అడ్డంగా నడిచింది. "తప్పుకోండి. ఇది రాతిరంతా పులవాల" అంది. నలుగురూ తప్పుకున్నారు.

ఆవిడ దాటగానే మళ్ళీ ముందుకు జరిగారు.