ఐదో మిషన్ లైసెన్స్

"లైసెన్స్ కుఠే ఆహే?"

జులై వానలో సగం తడిసి, గొడుగు గుమ్మం దగ్గర విదిలిస్తూనే, లైసెన్స్ ఎక్కడుందని ఆ అమ్మాయి మరాఠీలో అడిగిన మొదటి మాట అది. నమస్కారం లేదు, కుశలం లేదు. దత్తు కుర్చీ తుడిచి వేశాడు. ఆమె కూర్చుంటేగా! ఐదు కంప్యూటర్లనూ వంగి చూసింది, వెనక్కి తిప్పి చూసింది, పెదవి విరిచింది.

1999 నాటి మాట. మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో వీధికో కంప్యూటర్ క్లాసు వెలుస్తున్న రోజులు. బాబుపేట్‌లో దత్తు కూడా ఒక గది అద్దెకు తీసుకుని బోర్డు కట్టాడు. కోర్సుల ఆఫీసు గుర్తింపు ఇస్తే అతని దగ్గర నేర్చుకున్నవాళ్ళ సర్టిఫికెట్లు ఉద్యోగాలకు పనికొస్తాయి. ఇవ్వకపోతే బోర్డు దించుకుని ఇంటికి పోవడమే. అందుకు కావలసింది లైసెన్సున్న ఐదు కంప్యూటర్లు. అవి ఉన్నాయో లేదో చూసి రిపోర్టు రాయడానికి వచ్చిన మనిషే ఈ ప్రణాలి.

"ఒక్కదానికీ లైసెన్స్ స్టిక్కర్ లేదు," అని మరాఠీలోనే చెప్పి, కాగితం మీద వరసగా ఐదు అడ్డగీతలు కొట్టింది. ఆ తర్వాత గొంతు తగ్గించి, తనలో తాను తెలుగులో అనుకుంది. "మొగం జూస్తె మంచోని లెక్కనే ఉన్నడు, జేసేదంత దొంగపని."

"దొంగపని కాదు మేడం," అన్నాడు దత్తు, తెలుగులోనే. "మొగం సంగతి మాత్రం కరెక్టు జెప్పిన్రు."

ప్రణాలికి చెవుల దాకా ఎరుపెక్కింది. "అయ్యో... మీరు మనోళ్ళా?"

"మాది జివతి గుట్టల మీది ఊరు. మీరు?"

"ఈడ్నే, బాబుపేట్. మా బాపు పోశం, బొగ్గుబాయిల పని జేస్తడు." ఆ మాట అన్నాక మళ్ళీ ఆఫీసరమ్మ అయిపోయింది. "అయితే ఏంది? తెలుగోళ్ళకు లైసెన్స్ మాఫ్ ఉంటదా? స్టిక్కర్లు యాడున్నయ్?"

దత్తు గర్వంగా బీరువా తెరిచి ఫైలు తీశాడు. అందులో ఐదు విండోస్ 95 స్టిక్కర్లు, ఒక్కొక్కటీ తళతళలాడే ప్లాస్టిక్ లామినేషన్‌లో!

"ఇవి... ఊడదీసిన్రా?"

"గట్లనే ఉంటె గీసుకపోతయ్ గద మేడం. ఆవిరి బట్టి, చిరగకుంట తీసి, లామినేషన్ జేయించిన."

"ఓరి దేవుడా! గది మిషన్‌కు అతికిచ్చే ఉండాలె. ఊడదీసుడేంది?"

"మా ఊరిని రెండు రాష్ట్రాలోళ్ళు మాదంటె మాదంటరు," అన్నాడు దత్తు. "ఇంట్ల రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు లిస్టులల్ల పేర్లు. ఏ కాయిదం ఎప్పుడు అక్కరకొస్తదో ఎవనికెరుక? మా దిక్కు ఏ కాయిదం దొరికినా ముందుగాల లామినేషన్, తర్వాతనే అన్నం."

ప్రణాలి నవ్వకూడదని శతవిధాల ప్రయత్నించింది. పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరికి లాభం లేక పకపకా నవ్వేసింది. ఆ నవ్వు చూసిన దత్తుకు, గుర్తింపు పోతే పోయింది గాని ఈ పిల్ల ఇంకాసేపు ఇక్కడే ఉంటే బాగుండుననిపించింది. మరీ అంత తెలివితక్కువ ఆలోచన వచ్చినందుకు తనను తానే తిట్టుకున్నాడు.

ఆ కంప్యూటర్లు ఆవర్‌పూర్‌లో ఆఫీసు ఎత్తేసిన ఒక కాంట్రాక్టరు దగ్గర కొన్నవి. ఏ కంప్యూటర్‌తో ఏ లైసెన్సు వచ్చిందో నంబర్లతో సహా ఆయన రాసిచ్చిన ఉత్తరం కూడా ఫైల్లో ఉంది. ప్రణాలి వేలు పెట్టి ఒక్కో నంబరూ సరిచూసింది. నాలుగు కలిశాయి. ఐదోది కలవలేదు.

"ఈ మిషన్ లిస్టుల లేదు."

"అసలుది పోయినేడు పిడుగుకు కాలింది. గిది నేను కొత్తగ జోడిచ్చిన. దాని లైసెన్స్ దీనికిచ్చిన."

"ఇచ్చుడు మీ చేతుల లేదు. మిషన్‌తోని వచ్చిన లైసెన్స్ ఆ మిషన్‌తోనే ఉండాలె. అమ్మితె దాంతోనే పోతది. అది సచ్చిందా, లైసెన్స్ గూడ సచ్చినట్టే."

"గింత పతివ్రతనా మేడం, లైసెన్స్!"

"నవ్వకున్రి. బోర్డు మీద విండోస్ 98 అని రాసిన్రు. సీడీలు ఎన్ని కొన్నరు?"

"ఒకటి."

"ఎన్నిట్ల ఎక్కిచ్చిన్రు?"

దత్తు తల గోక్కున్నాడు. "ఐదిట్ల."

"గది అప్‌గ్రేడ్ సీడీ. ఒక్క మిషన్‌కే చెల్లుతది, గది గూడ దానికి పాత 95 లైసెన్స్ ఉంటెనే. మిగిలినయన్ని మళ్ళ 95కు తేవాలె." గొడుగు తీసుకుంటూ ప్రణాలి ఒక్క క్షణం ఆగింది. "మూడు వారాలు టైమిస్తున్న. గంతకంటె ఎక్కువ నా చేతుల లేదు."

మొదటి వారం ఆమె తనిఖీ పేరుతో వచ్చింది. రెండోసారి పేరేమీ చెప్పకుండా, శనగ గుడాలు టిఫిన్ డబ్బాలో పెట్టుకుని వచ్చింది. మూడోసారి వాన సాకు చెప్పింది. ఆ రోజు చంద్రపూర్‌లో చినుకు రాలితే ఒట్టు! దత్తు కూడా తక్కువవాడేం కాదు. పది నిమిషాల్లో అయ్యే పనిని రెండు గంటలు చేశాడు. మేడం పోయి ప్రణాలి వచ్చింది, మీరు పోయి నువ్వు వచ్చింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, తెరమీద కదిలే నీలి గీతను చూస్తున్నట్టు నటిస్తూ ఒకరినొకరు చూసుకున్నారు.

మూడు కంప్యూటర్లు 95కు తిరిగొచ్చాయి. ఒకటి దర్జాగా 98 మీద ఉంది. ఐదో దానికి మాత్రం దారి దొరకలేదు.

"దత్తూ," అంది ప్రణాలి ఆ సాయంత్రం, చూపు ఎటో పెట్టి. "ఐదో నంబరు దీనిదే అని రాసేస్త. ఎవ్వరు చూడరు."

ఒక్క సంతకంతో దత్తు బతుకు ఒడ్డున పడుతుంది. తను అడగలేదు కూడా. ఆమె అంతట ఆమే ఇస్తోంది. అయినా అతని మనసు ఒప్పలేదు.

"వద్దు."

"ఎందుకు వద్దు? క్లాసు బంద్ అయితె ఏం జేస్తవ్?"

"ఊరికి పోయి పత్తి ఏరుకుంట. రేపు ఎవరన్న పట్టుకుంటె నీ నౌకరి పోతది. నా కోసం నువ్వు తల దించుకుంటె నేను బతకలేను ప్రణాలీ." ఆ ఆఖరి మాట అతనికి తెలియకుండానే బయటికొచ్చేసింది.

ప్రణాలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి కనిపించకుండా రూల్సు పుస్తకం తెరిచి ముఖానికి అడ్డం పెట్టుకుంది. పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది. "ఇగో! పాడైన భాగం తీసేసి, అసొంటిదే ఏసి, అదే మిషన్‌ను బాగుజేస్తె లైసెన్స్ పోదట! కాలిన మిషన్ యాడుంది? పారేసినవా?"

"పారేసుడా? నేనా?"

మూల నీళ్ళకుండ కింద పీటగా ఉన్న పాత కంప్యూటర్ డబ్బాను ఇద్దరూ కలిసి లాగారు. కాలింది లోపలి మదర్‌బోర్డు ఒక్కటే. అలాంటిదే ఇంకో బోర్డు కోసం దత్తు నాగపూర్ బజారంతా గాలించి, సంపాదించుకొచ్చి బిగించి, తను జోడించిన మిషన్‌ను తీసేసి దాని చోట దీన్ని పెట్టాడు. తెర వెలగ్గానే ప్రణాలి చప్పట్లు కొట్టింది. అంతలోనే ఏమైందో ఏమో, ముఖం గంభీరంగా పెట్టుకుని, "నేనింక రాను" అని గొడుగు పట్టుకుని వెళ్ళిపోయింది.

గడువు రోజున వచ్చింది ప్రణాలి కాదు, నాగపూర్ నుంచి ఒక ముసలి సాహెబు. కళ్ళజోడు సవరించుకుని అన్నీ చూశాడు. స్టిక్కర్లు పీకినందుకు చీవాట్లు పెట్టి, ఉత్తరంలోని నంబర్లతో ఐదూ సరిపోయాయని రాసి, బోర్డు మీద 98 పక్కన 95 కూడా రాయించమని చెప్పి, గుర్తింపుకు సిఫారసు చేస్తూ సంతకం పెట్టాడు. దత్తుకు ఒక్క ముక్క కూడా ఎక్కలేదు.

"మేడం ఎందుకు రాలేదు సార్?"

"ఈ ఫైలు నాకు వద్దని ఆమే రాసిచ్చింది."

దత్తుకు గుర్తింపు వచ్చిన ఆనందం కాస్తా ఆవిరైపోయింది. క్లాసుకు తాళం పెట్టి నేరుగా ప్రణాలి ఇంటికి నడిచాడు. పోశం అరుగు మీద బీడీ కాల్చుకుంటున్నాడు. "ఎవరు బిడ్డా?" అంటుండగానే ప్రణాలి గుమ్మంలోకి వచ్చింది.

"నా ఫైలు వద్దన్నవట," అన్నాడు దత్తు, పోశం వింటున్నాడన్న స్పృహ లేకుండా. "నేనేం తప్పు జేసిన?"

"నువ్వు జేయలే. నేను జేస్తుంటి. అబద్ధం రాస్తనన్న జూడు, గప్పుడే నాకు తెల్సిపోయింది. నీ సెంటర్ రిపోర్టు నేను రాయొద్దు. దగ్గరోళ్ళది మనం చెక్ జేయొద్దని రూల్ ఉన్నది."

"దగ్గరోళ్ళా?"

"సంబంధం ఏందో రాసియ్యమన్నరు." ప్రణాలి కాలి బొటనవేలితో గడప గీకింది. "పెండ్లి జేసుకునేటోడు అని రాసిన."

పోశం చేతిలో బీడీ కింద పడింది. దత్తు ఒక అడుగు ముందుకేశాడు.

"నన్ను అడగకుంటనే?"

"అబద్ధమైతే చెప్పు. రేపు పోయి కొట్టేసి వస్త."

"వద్దు," అన్నాడు దత్తు. "ఉన్నదే రాసినవ్."

పోశం ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ముప్ఫై ఏళ్ళు గనిలో హాజరు పుస్తకానికి భయపడి బతికిన మనిషి.

"సర్కారు కాయిదమా? సంతకం బెట్టినవా?"

"పెట్టిన బాపూ."

"ఇంకేముంది మరి!" అని పోశం లోపలున్న భార్యను కేకేశాడు. "ఓ ఆగమ్మా, అల్లుడొచ్చిండు. చాయ పెట్టు."