ముసుగావిడ చీర మారలేదు

"ఎర్రచీరతో వంటింట్లోకి పాయె, నీలంచీరతో బయటికొచ్చె. అత్తకు కవల చెల్లెలుండాది కదా, షావుకారూ?"

పెనుకొండలో బస్సు దిగి, చీరల మూట ఇష్రత్ వాళ్ళ అరుగు మీద దించీ దించకముందే ఆమె టీవీ సీరియల్ గురించి అడిగిన ప్రశ్న అది. 2002 ఎండాకాలం. నాకు మంచినీళ్ళు కావాలి. ఆమెకు జవాబు కావాలి.

"నాకేం తెలుసు?" అన్నాను.

తెలుసు. ధర్మవరంలో చీరలు కొని, పెనుకొండలో ఇష్రత్ చేత కొంగులకు కుచ్చులు కట్టించి, హిందూపురంలో అమ్మడం నా వ్యాపారం. మా అంగడి మిద్దె మీద నా స్నేహితుడు నాగేష్ ఆదివారాలు అద్దె కెమెరాతో 'అరబిందె కన్నీళ్ళు' అనే సీరియల్ తీసేవాడు. టీవీ సీరియళ్ళంటే వాడికి పిచ్చి. ఆ పిచ్చితోనే వాటిని వెక్కిరించేవాడు. ఆ రాత్రే లోకల్ కేబుల్‌లో వేస్తే హిందూపురం, పెనుకొండ రెండూ నవ్వేవి. చీరలు నావి, ప్రచారం నాకు. షూటింగ్ మధ్యలో గిరాకీ వస్తే అత్త ఒంటి మీది చీర విప్పించి కిందికి తెప్పించేవాణ్ణి. కవల చెల్లెలు పుట్టింది అలాగే.

ఇష్రత్ దీనికో నోట్‌బుక్ పెట్టింది. గోడ గడియారం ఎప్పుడూ పదీ ఇరవై చూపిస్తుందంటే, అది మామ చనిపోయిన టైమట. దాంట్లో సెల్లు లేదని నాకు తెలుసు. ఇక మూలన పలకకుండా కూర్చునే ముసుగావిడ ఎవరన్నదానికి పదకొండు పేజీలు.

"మొదటి పెండ్లామే. మొగుని మీద కోపంతో నోరు తెరవదు."

"మోకాళ్ళ నొప్పులేమో. లేచింది కూడా లేదు."

"ఎగతాళి చేస్తాండావు!"

లోకాన్నంతా భాయ్ అని పిలిచే పిల్ల నన్ను మాత్రం షావుకారూ అనేది. అందులో నాకేమైనా ఆశ ఉందా అని ఏడాదిగా బేరీజు వేస్తున్నాను. ముప్పై రెండేళ్ళు, రోజుకు నాలుగు బస్సులు, వాలిపోయిన భుజాలు. ఈ సరుకును నేనైతే కొనను. అడిగి కాదనిపించుకుంటే ఈ అరుగు కూడా పోతుంది. నోరు మూసుకోవడమే క్షేమం అనుకున్నాను.

సీరియల్ మొదలైన ఇరవయ్యో వారం, బుధవారం. ఆమె నోట్‌బుక్ తేలేదు.

"పరిగి సంబంధమోళ్ళు శుక్రవారం లోపల జవాబు చెప్పమన్నారు. నాయన నన్నే అడిగినాడు."

"మంచోళ్ళేనా?" అన్నాను.

"మంచోళ్ళే. అది పక్కన పెట్టు. ఆదివారం ఆఖరి ఎపిసోడంట. ముసుగు తీస్తే ఎవరుండారు?"

అబద్ధమాడే ఓపిక కూడా లేదు నాకు. "ఎవరూ లేరు. మా అంగట్లో చీరలు తగిలించే బొమ్మ. అత్త చీర మారేది అమ్ముడుపోయినందుకు."

కోప్పడుతుందనుకున్నాను. ఆమె కుచ్చుల దారం చేతిలోకి తీసుకుంది.

"చీరల సంగతి నాకెప్పుడో తెలుసులే. అన్నీ నేను కుచ్చులు కట్టినవే కదప్పా. మరి ఆ బొమ్మ చీర ఇరవై వారాల్నుంచి ఎందుకు మారలా?"

"అమ్ముడుపోలేదు."

"మా పక్కింటి తిప్పమ్మక్క ఆ మామిడిపండు రంగు చీరే కావల్లంటే, అమ్మేసినా అన్నావంట!"

నేను మూట ముడి విప్పసాగాను. అది బిగుసుకుపోయింది.

"నీకు నేను కుచ్చులు కట్టిన మొదటి చీర అది. కొంగుకు కట్టాల్సిన కుచ్చులు లోపల దోపుకునే కొసకు కట్టినా. టీవీలో ముసుగు మీద ఊగుతాంటే గుర్తుపట్టినా. నువ్వు తిట్టలా, విప్పి కట్టమనలా. చెడిన సరుకు ఏ షావుకారైనా దాచుకుంటాడా? శానా ఆలోచించినా. ఒకే జవాబు దొరికింది. తప్పయితే చెప్పు."

"తప్పు కాదు," అన్నాను. "ఆ పొద్దు నాతో మాట్లాడతా మాట్లాడతా కొస చూసుకోకుండా కట్టినావు. అంతసేపు నాతో ఎవరూ మాట్లాడలా, ఇష్రత్. అది అమ్మే చీర కాదు."

ఆమె తల వంచుకుంది. చేతిలోని దారం ముడి పడింది. "ఇది నాకు కాదు, నాయనకు చెప్పల్ల. లోపలుండాడు."

చెప్పులు విడిచాను. మంచం మీద వాళ్ళ నాయన కాలేసాబ్ పక్కకు జరిగి చోటిచ్చాడు. "ఇరవై వారాల్నుంచి అది సీరియల్ చూస్తాండాది, నేను దాన్ని చూస్తాండా. కూర్చో అప్పా. పరిగికి నేను చెప్పుకుంటా."

గుమ్మంలోంచి ఇష్రత్ అంది: "ఆ చీర తెచ్చియ్యి. కుచ్చులు విప్పి సరిగ్గా కడతా."

"వద్దు. చీర తెస్తా, కుచ్చులు అట్లే ఉండనీ."

ఆదివారం ఆఖరి ఎపిసోడ్‌లో ముసుగావిడ చీర మారింది. దానర్థమేమిటని పెనుకొండలో వారం రోజులు వాదించుకున్నారు. ఒక్క ఇంట్లో మాత్రం ఎవరూ అడగలేదు.