కొసరు వేసిన గ్యాసు

ఆ ఆదివారం పొద్దున్న గోవిందరాజులు కొట్టు తెరవలేదు. రాయగడ బజారులో ఆయన టోకు పప్పుల కొట్టు మూసి ఉండటం అరుదు. వెనక పెరట్లో కొడుకు పృథ్వి కారుకి ఆయన భార్య కస్తూరి కుంకుమ బొట్లు పెడుతోంది. రెండు తలుపుల పాత స్పోర్ట్స్ కారు అది. వేగం పెంచడానికి ఈమధ్యే దానికి నైట్రస్ గ్యాసు అమర్చారు. బోరిగుమ్మ అవతల ఎవరిదో ఖాళీ స్థలంలో ఆవేళ కార్ల పోటీ. ఎదురుకొట్టు వాళ్ల అబ్బాయీ దిగుతున్నాడు.

గ్యాసు అమర్చింది కూతురు మనీష. ఆ ఇంట్లో మొదటి ఇంజినీరు. టికిరిలో ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చి, డిక్కీలో సిలిండరు బిగించి, గొట్టాలు ఇంజిను దాకా లాగింది. తండ్రి నోట ఒక్క మంచి మాట రాలేదు. ఆడపిల్ల ఒంటినిండా గ్రీజు పూసుకుని తిరగడం చూడలేకపోతున్నానని మాత్రం రోజూ సణిగాడు.

బయలుదేరే ముందు ఒకసారి చూద్దామని బానెట్ ఎత్తిన మనీషకు గ్యాసు గొట్టం నట్టు మీద కొత్త గీతలు కనిపించాయి. సిలిండరు వాల్వు కట్టేసి, నట్టు విప్పింది. గ్యాసు ఎంత వెళ్లాలో కొలిచేది లోపలుండే ఇత్తడి జెట్. తాను పెట్టిన సన్న రంధ్రం జెట్ అక్కడ లేదు, పెద్ద రంధ్రంది ఉంది. పెట్రోలు వైపు జెట్ మాత్రం పాతదే. ఆమె వెళ్లి పృథ్వి చేతిలోని కారు తాళం లాగేసుకుంది.

"జెట్ ఎందుకు మార్చేవన్నయ్యా?"

"నేనేటీ ముట్టుకోలేదు. నువ్వే తప్పు బిగించి నా మీదకి తోసెత్తన్నావేటి?" అన్నాడు పృథ్వి.

మాటామాటా పెరిగింది. తాను గెలిస్తే ఓర్వలేవని అతనన్నాడు. స్టీరింగు తిప్పడం తప్ప నీకేమీ తెలియదని ఆమె అంది. కస్తూరి ఇద్దరి మధ్యకీ వచ్చి బతిమాలింది. ఇంతలో గోవిందరాజులు పెరట్లోకి వచ్చాడు.

"తాళం ఇచ్చియ్యమ్మి."

"ఇవ్వను."

"అన్నకి కారు కొన్నానని కడుపుమంట. అది సెప్పు ముందు. సదివించింది ఇందుకేటి, మంచిపనికి ఎల్తన్నోడికి అడ్డం నిలబడ్డానికి?"

మనీష ముఖం ఎర్రబడింది కానీ తాళం వదల్లేదు. "గ్యాసొకటే పెంచితే సరిపడా పెట్రోలు అందక పిస్టనుకి చిల్లు పడుద్ది నాన్నా. ఆ వేగంలో ఇంజిను పట్టేస్తే బండి బోల్తా. మారిస్తే రెండు జెట్లూ మార్చాలి. ఒక్కటే మార్చినోడు అన్నయ్యని చంపడానికే మార్చేడు."

గోవిందరాజులు మెట్టు మీద కూలబడ్డాడు.

"నేనే మార్చేను."

పృథ్వి స్నానానికి వెళ్లినప్పుడు, మనీష పనిముట్ల పెట్టెలోంచి పెద్ద రంధ్రం జెట్ తీసి పెట్టాడట. మనీష ఎలా విప్పుతోందో, ఎలా బిగిస్తోందో రోజూ కిటికీలోంచి చూశాడట.

"మన కొట్లో ఎవుడికైనా ఒట్టి తూకం ఇచ్చేనేటి? గుప్పెడు కొసరు ఎయ్యందే నా సెయ్యి ఊరుకోదు. కొడుక్కి ఎయ్యకుండా ఎలాగ పంపుతాను? ఎదురుకొట్టోడి కంటే రవ్వంత ముందుంటాడనుకున్నాను."

"నన్నొక్క మాట అడగొచ్చు కదా."

"నిన్నేటి అడిగేది," అన్నాడు తల ఎత్తకుండా. "నాకు తెలీదని నీ ముందు ఒప్పుకోవాలి గదా."

పృథ్వి బొట్లు పెట్టిన కారుకేసి చూసి, తాను వెళ్లనని చెప్పి చెప్పులు విడిచేశాడు. మనీష కోపం మాత్రం తగ్గలేదు. కడుపుమంట అన్న మాట చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది. చేతిలోని స్పానర్ తండ్రి ముందు పడేసింది.

"మార్చింది నువ్వే. నువ్వే తియ్యి."

ఆయన లేచి ఇంజిను మీదికి వంగాడు. పెద్ద జెట్ తీసి, జేబులో దాచిన సన్న రంధ్రంది పెట్టి, గొట్టం తిరిగి బిగించబోయాడు. కళ్లలో నీళ్లకి సరిగా కనబడక నట్టు మరలో పడలేదు. మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ జారింది. చివరికి స్పానర్ కూతురి వైపు చాపాడు.

"నాకు తెలీదమ్మి," అన్నాడు. "ఎలాగో సెప్పు. ఇంటాను."

చెప్పడానికి మనీష పక్కకొచ్చి వంగింది. కళ్లనిండా నీళ్లు. నట్టు ఎక్కడుందో ఆమెకూ కనబడలేదు.