ఘాట్‌రోడ్డు ఎక్కిన ఇల్లుబండి

"సోమవారం ఆఫీసులో సరేనని చెప్పేస్తున్నాను వల్లీ... ఫ్యాక్టరీ గనుల దగ్గరికి బదిలీ. అక్కడ ఒంటరిగా ఉండేవాళ్ళకి గది ఇస్తారట. నువ్వూ చందూ ఇక్కడే ఉండండి."

పెరుగన్నం కలుపుకుంటూ, రేపు పాలవాడు రాడన్నంత మామూలుగా అన్నాడు శివరామకృష్ణ. శ్రీవల్లి చేతిలోని గరిటె గాల్లోనే ఆగిపోయింది. ఎదురుగా కూర్చున్న కూతురు హరిచందన తండ్రి వైపు చూడలేదు. తల్లి ముఖం వైపు ఒక్కసారి చూసి, కంచం తీసుకుని చప్పుడు చెయ్యకుండా లోపలికి వెళ్ళిపోయింది.

"ఎందుకండీ? మేమేం తప్పు చేశామని?" అంది శ్రీవల్లి.

"తప్పేముంది? నేనెక్కడుంటే ఏం..." అంటూ లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిపోయాడాయన.

ఆ మాట ఆమె గుండెలో ముల్లులా దిగిపోయింది! కోనసీమ నుంచి ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం వెతుక్కుంటూ విశాఖ వచ్చిన మనిషి ఆయన. అనకాపల్లిలో బీయే చదువుకున్న పిల్ల ఆమె. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ ఇంటికి గడియారం ఆయన డ్యూటీయే. రాత్రి షిఫ్టు చేసి తెల్లవారి వచ్చి పడుకుంటే ఆయన లేచేదాకా ఆ క్వార్టర్లో ఈగ వాలినా వినపడేది. కాలింగ్ బెల్ వైరు ఊడదీసింది శ్రీవల్లి. కుక్కర్ కూత ఆయన చెవిన పడకూడదని, పప్పూ బియ్యం సర్దిన కుక్కర్ని కొంగు చాటున పట్టుకెళ్ళి పక్కింటి జోగమ్మగారి పొయ్యి మీద ఉడికించి తెచ్చుకునేది. పసిపిల్లగా ఉన్నప్పుడు చందూ ఏడుపు మొదలెడితే ఎత్తుకుని మండుటెండలో వీధి చివరి వేపచెట్టు కిందికి పరుగెత్తేది... అలా పెరిగిన పిల్ల ఇప్పుడు తొమ్మిదో తరగతి.

నడుంనొప్పి వచ్చి, డాక్టరు చెప్పాక, ఈ వేసవిలోనే ఆయన్ని పగటి డ్యూటీకి మార్చారు. ఇక సాయంత్రాలన్నీ అందరం కలిసి ఉంటామని ఎంత మురిసిపోయింది తను! తీరా చూస్తే ఇప్పుడు ఇల్లే వదిలి పోతానంటున్నాడు... నా మీద మొహం మొత్తిందేమో! ఆ ఊహకే ఆమె కళ్ళు నిండిపోయాయి.

* * *

మర్నాడు సాయంత్రం గేటు ముందు చెవులు చిల్లులు పడేలా హారన్ మోగింది. శ్రీవల్లి పెదవుల మీద వేలు పెట్టుకుని వీధిలోకి పరుగెత్తింది.

"ఏటప్పా! బావ రాత్రి డ్యూటీలు మానేసి ఎన్నాళ్ళయింది? ఇంకా ఉష్షు ఉష్షంటావేటి?" అంటూ బండి దిగాడు తమ్ముడు కామరాజు. అతనికి ఆటోనగర్లో బండ్ల బాడీలు కట్టే షెడ్డు ఉంది.

శ్రీవల్లి బండి చుట్టూ తిరిగి లోపలికి తొంగిచూసింది. పాత మెటాడోర్ వ్యాను. లోపల మాత్రం చిన్న ఇల్లు! గోడకి మడిచేసే రెండు మంచాలు, గ్యాసు పొయ్యి, కుళాయి బిగించిన నీళ్ళ డ్రమ్ము, కిటికీలకి పూల కర్టెన్లు.

"అరకులో హోటలాయన సేయించుకున్నాడు, టూరిస్టులకి అద్దెకిత్తాడంట. ఇల్లుబండని పేరెట్టాను. అప్పజెప్పేలోగా ఘాటీ ఎక్కించి సూడాల." అంతలో అక్క ముఖం చూసి అతని నవ్వు ఆగిపోయింది. "ఏటయిందప్పా?"

ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంటూ చెప్పింది. కామరాజు కాసేపు టైరును కాలితో తన్నుతూ నిలబడ్డాడు.

"సోమారం దాకా టైముంది గదా? నువ్వు ఊరుకో. బావని నాను లాక్కొత్తాను సూడు."

లోపలికెళ్ళి అరిచాడు. "బావా! రేపూ ఎల్లుండీ సెలవే గదా నీకు? ఘాటీలో ఇంజను మూలిగితే నాకు తెలీదు, నువ్వైతే పట్టేత్తావు. రానంటే మా అమ్మ మీదొట్టు, నీ గుమ్మంలోనే ఈ హారను రాత్రంతా కొడతాను!"

శివరామకృష్ణ ఎన్నాళ్ళకో కాస్త నవ్వాడు.

* * *

శృంగవరపుకోట దాటాక కొండలు దగ్గరకొచ్చాయి. శ్రావణమాసపు వానలకి ఒక్కో కొండా ఒక్కో రకం ఆకుపచ్చ! మలుపు తిరిగినప్పుడల్లా కింద లోయ, లోయలో అగ్గిపెట్టెల్లాంటి ఇళ్ళు, వాటి మీదుగా మేఘం నీడ పాకిపోవడం... శ్రీవల్లి కిటికీ పట్టుకుని చూస్తూనే ఉంది. మేనమామ జోకులకి చందూ కళ్ళతో నవ్వుతోంది. ఆ పిల్ల ఎప్పుడూ అంతే, నవ్వు కళ్ళ దగ్గరే ఆగిపోతుంది.

సగం ఘాటీ ఎక్కేసరికి శివరామకృష్ణకి నడుం పట్టేసింది. వెనక మంచం మీద నడుం వాల్చాడు. అంతే! శ్రీవల్లి అడ్డంగా దుప్పటి కట్టేసింది. చందూ బిస్కెట్ల పొట్లం చప్పుడవుతుందని పక్కన పెట్టేసింది.

కామరాజు అద్దంలో చూసి, "ఏటిది, బండిలో ఎవులైనా పోయారేటి?" అన్నాడు. ఇద్దరూ ఒకేసారి ఉష్షన్నారు.

అనంతగిరి దాటి, కాఫీ తోటల పక్కన వాగు కనిపిస్తే బండి ఆపాడు. శ్రీవల్లి పొయ్యి మీద కుక్కర్ పెట్టింది. ఆవిరి బుసకొట్టడం మొదలవగానే గబుక్కున పొయ్యి కట్టేసి, గుడ్డతో కుక్కర్ని పట్టుకుని, బండి దిగి తోటలోకి నడిచింది!

"కుక్కర్ని షికారు తిప్పుతన్నావేటప్పా?" కామరాజు పగలబడి నవ్వాడు.

"ఇంట్లో అయితే అమ్మ జోగమ్మ ఆంటీ పొయ్యి మీద పెట్టి తెచ్చేది మావయ్యా" అంది చందూ నవ్వుతూ. "నాన్న నిద్రపోతుంటే కూత రాకూడదు కదా! ఒకసారి దార్లో కుక్క వెంటపడితే అమ్మ ఏం చేసిందో తెలుసా..."

దుప్పటి పక్కకి తొలిగింది. శివరామకృష్ణ లేచి కూర్చుని ఉన్నాడు. చందూ మాట అక్కడికక్కడే తెగిపోయింది. పెదవులు మూసుకుని చూపు దించుకుంది.

ఆయన ముఖం వాడిపోయింది. "చూశావా కామరాజూ? నేను కనిపిస్తే చాలు, ఆగిపోతుంది. సాయంత్రం గేటు తీసేసరికి లోపల టీవీ ఆగిపోతుంది, మాటలు ఆగిపోతాయి. ఇది పుస్తకం పట్టుకుని గదిలోకి పోతుంది. నా ఇంట్లో నేనే పరాయివాణ్ణయినట్టు ఉంటుంది... అందుకే గనులకి పోతానన్నాను. కనీసం వీళ్ళయినా నోరారా నవ్వుకుంటారని!"

"ఏమండీ!" అప్పుడే కుక్కర్‌తో తిరిగొచ్చిన శ్రీవల్లి బండి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. "మేము మిమ్మల్ని వద్దనుకుంటున్నామనా!"

ఆయన బండి దిగి రోడ్డు మీదికి వెళ్ళిపోయాడు. ఆయన వెనకాలే ఆమె పరుగెత్తింది. కళ్ళనిండా నీళ్ళతో చందూ బండి అటువైపు దిగి వాగు వైపు నడిచిపోవడం ఆ క్షణాన ఎవరూ చూడలేదు.

* * *

కొండల్లో పొగమంచు ఎప్పుడు దిగుతుందో ఎవరికి తెలుసు? కాసేపట్లో కాఫీ తోట మాయమైంది, బండి మాయమైంది. పైన ఎక్కడో వాన పడినట్టుంది, వాగు హోరు పెరిగింది. తిరిగొచ్చి చూస్తే పిల్ల లేదు!

"చందూ! చందూ!" శివరామకృష్ణ పిచ్చివాడిలా అరుస్తున్నాడు. జవాబు లేదు.

శ్రీవల్లి చటుక్కున ఆయన చెయ్యి పట్టుకుంది. "ఆగండి... అదుగో, రెండు చప్పట్లు! ఇంట్లో నన్ను పిలవాలంటే అది చప్పట్లే కొడుతుంది!"

"ప్రాణం మీదికొస్తే చప్పట్లేమిటే? నోరు పెట్టి అరవొచ్చుగా!"

ఆ చప్పుడు పట్టుకుని పరుగెత్తారు. వాగు మధ్య బండ మీద ముడుచుకుని కూర్చుని ఉంది పిల్ల. ఏడవడానికి ఒంటరి చోటు వెతుక్కుంటూ రాళ్ళ మీదుగా వెళ్ళినట్టుంది. ఆ రాళ్ళన్నీ ఇప్పుడు ఎర్రనీళ్ళ కింద ఉన్నాయి!

కామరాజు బండిలోంచి మోకు తెచ్చాడు. "నాను దిగుతాను బావా, నీ నడుం..." అంటూండగానే శివరామకృష్ణ మోకు నడుముకి చుట్టుకుని నీళ్ళలోకి దిగిపోయాడు. రెండో కొస కామరాజూ శ్రీవల్లీ బిగించి పట్టుకున్నారు. మోకాళ్ళు... తొడలు... ఆయన తడుముకుంటూ నడుస్తున్నాడు. పైనుంచి ఒక దుంగ దొర్లుకుంటూ వస్తోంది. ఆయన అటు చూడలేదు!

"నాన్నా! దుంగ! కుడిపక్కకి రా! కుడిపక్కకి రా నాన్నా!"

వాగు హోరుని చీల్చుకుని వచ్చింది ఆ కేక. ఆయన పక్కకి ఒరిగాడు. దుంగ మోచేతిని రాసుకుంటూ వెళ్ళిపోయింది. శ్రీవల్లి నిర్ఘాంతపోయింది. పద్నాలుగేళ్ళు పెంచిన కూతురికి ఇంత గొంతు ఉందని కన్నతల్లికే తెలియదు!

బండ దగ్గరికి చేరి పిల్లని గుండెలకి అదుముకున్నాడు. గట్టెక్కాక కూడా వదల్లేదు.

"ఇందాకటి నుంచీ పిలుస్తున్నానే తల్లీ... వినపడలేదా? ఎందుకు పలకలేదు?"

"వినపడింది నాన్నా. కానీ మీరున్నారు కదా..."

"నేనుంటే?"

"మీరున్నప్పుడు గట్టిగా మాట్లాడకూడదు కదా!" ఇది కూడా తెలియదా అన్నట్టు చూసింది చందూ.

శివరామకృష్ణ మెల్లగా భార్య వైపు తిరిగాడు. శ్రీవల్లి తడిమట్టిలో కూలబడిపోయింది.

"నేనే నేర్పాను దానికి... మీకు కోపం వస్తుందని కాదండీ! మనం కాపురానికొచ్చిన కొత్తల్లో ఎదురింటి ఎల్లారావుగారు గుర్తున్నారా? రాత్రి డ్యూటీ నుంచి వస్తూ నిద్రమత్తులో స్కూటర్ మీంచి పడి... వాళ్ళావిడ సూరీడమ్మగారు గుండెలు బాదుకుంటుంటే ఆవిణ్ణి పట్టుకుని కూర్చున్నది నేనే. ఇంట్లో చంటిబిడ్డలు, పగలు ఆయనకి కంటిమీద కునుకుండేది కాదని ఒకటే ఏడుపు! ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, మీ నిద్ర చెడనివ్వకూడదని. మీ డ్యూటీ మారింది కానీ... మా అలవాటు మారలేదండీ! మీ ప్రాణం కాపాడుకుంటున్నాననుకున్నాను... మిమ్మల్నే దూరం చేసుకుంటున్నానని తెలియలేదు!"

ఆయన వచ్చి ఆమె పక్కన ఆ మట్టిలోనే కూర్చున్నాడు.

"ఎన్ని తెల్లవారుజాములు ఆ హైవే మీద స్కూటర్ నడిపానో వల్లీ! ఒక్కసారి కూడా తూగలేదు. జాగ్రత్తపరుణ్ణని నన్ను నేనే మెచ్చుకునేవాణ్ణి... అదంతా నువ్వు కాపలా కాసిన నిద్ర వల్లేనని ఇప్పుడు తెలిసింది." ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. "ఎప్పుడూ చెప్పలేదేం?"

"మీరు నిద్రపోతుండేవారు కదండీ..." అంది ఏడుస్తూనే. అని తనే నవ్వేసింది. ఆయనా నవ్వాడు. చందూ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"గనులకి వెళ్తారా నాన్నా?"

"వెళ్ళనమ్మా. సోమవారం రానని చెప్పేస్తాను."

"గట్టిగా సెప్పు బావా!" మోకు చుట్టుకుంటూ కామరాజు అరిచాడు. "మా అప్ప సెవులకి ఉష్షు తప్ప ఏటీ ఇనపడదు!"

"వెళ్ళనయ్యా! ఎక్కడికీ వెళ్ళను!" అని కొండ అదిరేలా అరిచాడు శివరామకృష్ణ.

* * *

మర్నాడు అరకు నుంచి దిగేటప్పుడు ముందు సీటు కోసం తండ్రీకూతుళ్ళకి పెద్ద తగువు. "నడుంనొప్పి నాదే!" అని ఆయన, "నిన్న వాగులో చిక్కుకుంది నేను!" అని చందూ. తీర్పు చెప్పాల్సిన కామరాజు ఇద్దరినీ ఎగదోస్తున్నాడు. చివరికి ఇరుక్కుని ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. మలుపు మలుపుకీ హారన్ తనే కొడతానని చందూ ఒకటే గోల.

"ఏమే, అలా కూర్చున్నావేం? వెనక మంచం ఖాళీగా ఉంది, కాస్త నడుం వాల్చు" అన్నాడు ఆయన వెనక్కి తిరిగి.

పగటిపూట పడుకోవడమా! ఆమెకి సిగ్గనిపించింది. అయినా ఒరిగింది. ముందు ఎవరో ఏదో అన్నారు, ముగ్గురూ భళ్ళున నవ్వారు, ఇంజను మూలిగింది, హారన్ మోగింది... ఏ చప్పుడు ఎక్కడిదో కనిపెట్టుకుని ఉండాల్సిన పని ఆమెకి లేదు. ఘాటీ సగం దిగకముందే శ్రీవల్లి గాఢంగా నిద్రపోయింది.